ఆ పాటలో మోగింది ఏ బేస్

అలెగ్జాండ్రియాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, నాలుగో అంతస్తు ఇల్లు. బేస్ గిటారు వాయించే వగీహ్ పోయి ఏడాది దాటింది. అతని బ్యాండులో డ్రమ్స్ వాయించిన ఫిక్రీ మూడు బేస్‌లనూ పెట్టెల్లోంచి తీసి హాల్లో తివాచీ మీద పరిచాడు. వగీహ్ భార్య మేర్వత్ సోఫా అంచున కూర్చుని, ఈ మనిషి ఎప్పుడు లేచి వెళ్తాడా అని చూస్తోంది.

"ఇంతకీ ఏదో చెప్పలేదు వదినా."

"చెప్పాను కదా ఫిక్రీ, నాకేం తెలుసని. మూడూ గిటార్లే. మూడింటికీ నాలుగేసి తీగలే. కాఫీలో చక్కెర ఎంత వెయ్యను?"

"కాఫీ తర్వాత. శుక్రవారం కచేరీ. 'ఆలస్యం ట్రామ్' వాయించకపోతే మమ్మల్ని స్టేజీ ఎవరెక్కనిస్తారు? ఆ పాటలో ఏముంది, బేసే కదా. మొదట అదొక్కటే వస్తుంది. జనం అక్కడే లేచి నిలబడతారు."

"తెలుసు."

"కైరో నుంచి తామెర్ అని ఒకణ్ణి పిలిపించాం. సంగీతం చదువుకున్నవాడు. ఒక్క స్వరమూ తప్పడు. కానీ పాట లేవట్లేదు వదినా. ట్రామ్ స్టేషన్లోనే ఉండిపోతోంది. వాడి బేస్ కొత్తది కదా, అందుకే ఆ సౌండ్ రావట్లేదని అందరం అనుకున్నాం. వగీహ్ రికార్డులో వాయించింది ఏదో చెప్తే, అది తీసుకెళ్ళి వాడి చేతిలో పెడితే..."

"మూడూ తీసుకెళ్ళు. కచేరీ అయ్యాక తెచ్చిచ్చేయి."

"ఈ మోకాళ్ళతో మూడు పెట్టెలు మోస్తానా? మీ లిఫ్టు కూడా పడుకుంది. ఒక్కటి చెప్పు చాలు. నన్నడిగితే ఇదే. ఈ ఎర్రది, అమెరికాది. అన్నిటికంటే బరువు. చెక్క ఎంత బరువుంటే సౌండ్ అంత లోతు."

"అలాగే అనుకో."

"అనుకోవడం కాదు, అది సైన్సు. పైగా ఎర్ర రంగులో సీసం ఉంటుంది. ఆ సీసం చెక్కలోకి ఇంకి, ఇన్నేళ్ళకి..."

"రంగుకీ సౌండుకీ సంబంధం ఏంటి ఫిక్రీ?"

"ఇది వాయించేవాళ్ళ సంగతి వదినా, నీకు తెలీదులే. విను. స్పీకరు యాంప్‌లో పెట్టాను. ఇదిగో. ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుండటం కాదు. రికార్డులో లాగా ఉందా?"

"దాన్ని కూడా డ్రమ్ము బాదినట్టు బాదితే ఏం తెలుస్తుంది? కాస్త మెల్లగా."

"మెల్లగానా? సరే. వగీహ్ ఆ పాట పిక్ బిళ్ళతో కదా వాయించాడు. నా దగ్గర పిక్ లేదు. ఈ పెన్షను కార్డు అంచుతో గీకుతా, విను."

"కార్డుతోనా? ఫిక్రీ, ఆపు. పిక్‌తో కాదు ఆ పాట. వేలితో."

"పిక్కే. నేను పక్కనే ఉన్నాను కదా."

"నువ్వు పక్కన లేవు. వేలే. అది కూడా చూపుడు వేలొక్కటే. రెండు వేళ్ళు మార్చి మార్చి మీటితే ఆ ఈడ్పు రాదు."

"ఈడ్పా?"

"అదే... ఆయన అనేవారు. అన్నాలు తినేటప్పుడు ఏదో అనేవారు."

"సరే, వేలే అనుకుందాం. అయితే ఎర్రది కాదు. ఇటలీది చూద్దాం. ఈ చిన్నది. లోపలంతా బోలు. బోలుగా ఉంది కాబట్టి కంచులా ఖంగుమంటుంది, చాలాసేపు సాగుతుంది."

"బోలుది ఖంగుమనడమేంటి? చిక్కుడుగింజల కుండ ఉడికినట్టుంటుంది దాని సౌండు. బుడుక్కుమని లేస్తుంది, అక్కడే చస్తుంది."

"అవునా? ఉండు. అవును, బుడుక్కుమనే అంటోంది. నీ చెవి మంచిదే వదినా."

"ఇన్నేళ్ళు విన్నాక ఈ గోడలకి కూడా తెలుస్తుంది."

"పాటలో మాత్రం మోత సాగుతుంది. కాబట్టి ఇది కాదు."

"పాటలోనూ సాగదు. సాగినట్టు అనిపిస్తుంది. తర్వాతి మోత రవ్వంత ఆలస్యంగా వస్తుంది కాబట్టి మన చెవే ముందుదాన్ని పట్టుకుని ఆగుతుంది. కాఫీ పెడతా."

"ఆగు ఆగు. మన చెవే పట్టుకుంటుందా?"

"ఏం లేదు. నోరు జారింది."

"కాఫీ ఎక్కడికీ పోదు, కూర్చో. ఇక మిగిలింది జపాన్‌ది. దీని తీగలు చూడు, గరుకుగా ఉన్నాయి. మిగతా రెండింటివీ నున్నగా ఉన్నాయి. గరుకు తీగలైతే మోత మెత్తగా, గొంగళి కప్పినట్టు వస్తుంది. అందుకే..."

"తిరగేసి చెప్తున్నావు. గరుకువే ఖంగుమంటాయి. నున్నవే మెత్తన. యాభై ఏళ్ళు బేస్ పక్కన కూర్చున్నావు, ఇది కూడా తెలీదా?"

"నేను కాళ్ళూ చేతులూ ఆడించేవాణ్ణి వదినా. తీగలు నాకెందుకు? ఇదేంటిది, తీగల కింద స్పాంజి ముక్క? ఎవరో చెత్త ఇరికించారు. తీసేస్తే శుభ్రంగా మోగుతుంది."

"ముట్టుకోకు. ఫిక్రీ, చెప్తున్నా, దాన్ని ముట్టుకోకు. అది లేకపోతే ఒక మోత ఇంకో మోత మీద పడి అంతా బురద బురదగా ఉంటుంది. కావాలని పెట్టింది అది."

"ఎవరు పెట్టారు?"

"ఎవరేంటి? ఆయనే."

"నేను తీసేశాను కదా అప్పుడే."

"ఇటివ్వు."

"నేను పెడతాలే."

"నువ్వు పెట్టింది చాలు, ఇటివ్వు. బేస్ కూడా. ఒళ్ళో పెట్టుకుంటే గానీ అది కూర్చోదు. ఆ యాంప్ మీద చివరి గుండీ తిప్పు. అటు కాదు, తగ్గించు. ఇంకా. అక్కడ ఆపు."

"ఒక్కసారి మీటి చూడు, సరిగ్గా కూర్చుందో లేదో."

"ఒక్కసారే."

"అదీ వదినా, అదీ!"

"ఏంటి ఫిక్రీ, అలా చూస్తున్నావు?"

"పాట మొదటి వరస మొత్తం వాయించావు వదినా."

"ఒక్క మోతతో తెలీదు కదా. అందుకని."

"ఇదే. రికార్డులో మోగింది అచ్చం ఇదే. నా చెయ్యి చూడు, రోమాలు ఎలా లేచాయో. జపాన్‌దే. దొరికింది."

"నీ మొహం. పాట వచ్చిన పదేళ్ళకి కొన్నాం దీన్ని. కువైట్‌లో హోటల్లో వాయించేటప్పుడు."

"మరి ఆ సౌండ్ ఇందులోంచి ఎలా వచ్చింది?"

"ఏమో. కొన్ని అలా కలుస్తాయి."

"ఎర్రదాని మీద కూడా వాయించు."

"ఎందుకు?"

"పోల్చి చూడటానికే కదా వచ్చాను. అదే వరస. ఒక్కసారి."

"ఇదిగో. అయిందా?"

"అదే సౌండ్. ఇప్పుడు ఇటలీది."

"చాలు. వేళ్ళు మండుతున్నాయి. అలవాటు తప్పింది."

"ఆ చిక్కుడుగింజల కుండ కూడా ట్రామ్‌లా నడిస్తే ఇక నేనేమీ అడగను."

"నడిచింది. విన్నావుగా. ఇప్పుడైనా నన్ను లేవనీ."

"మూడు దేశాలు, మూడు చెక్కలు, ఒకటే ట్రామ్. అయితే ఆ సౌండ్ గిటార్లో లేదు వదినా."

"ఆయన నేర్పిందే. ఆయన ఎలా వాయించేవారో నాకూ అలాగే వచ్చింది."

"వగీహ్ మంచి బేసిస్టు, నేను కాదనను. స్టేజీ మీద సింహంలా నిలబడేవాడు. కానీ ఈ ఒక్క పాట, స్టేజీ మీద ఒక్కసారి కూడా రికార్డులో లాగా రాలేదు. కేకల్లో, ఈలల్లో జనానికి తెలిసేది కాదు. నాకు తెలిసేది. నా కాలు ఆ మోత మీదే పడాలి కదా, ప్రతిసారీ వెతుక్కునేది."

"పోయిన మనిషిని ఇప్పుడెందుకు..."

"పోయినవాడు నా ప్రాణస్నేహితుడు. నీ నోటితో వినాలనుంది వదినా, అంతే."

"వినేదేముంది? ఆ పాట రికార్డింగ్ రోజు స్టూడియోలో, టేపు తిరుగుతోందని చెప్పే ఎర్ర దీపం వెలగ్గానే ఆయన వేళ్ళు కొయ్యబారిపోయాయి. వెయ్యిమంది ముందు నవ్వుతూ వాయించే మనిషి, కోడిగుడ్డంత దీపానికి భయపడ్డారు. పొద్దుటి నుంచీ వాయించిందే వాయించడం, చెడగొట్టడం. మధ్యాహ్నం మీరంతా కోషరీ తినడానికి పోయారు. ఆయన మూల కూర్చుని ఏడ్చారు ఫిక్రీ. అప్పటికి మాకు నిశ్చితార్థం అయింది, నేను ఊరికే చూడటానికి వచ్చాను. మా ఇంట్లో, మా అమ్మ కుట్టుమిషను పక్కన కూర్చుని ఆయన బేస్ నేనూ వాయించేదాన్ని. ఆ వరస పుట్టింది కూడా నా చేతిలోనే. ఇక చూడలేక తీసుకుని వాయించాను. ఒక్కసారే. ఇంజనీరు ఇక చాలని టేపు ఆపేశాడు. మీరు తిరిగొచ్చేసరికి ఆయన బేస్ భుజాన వేసుకుని నిలబడ్డారు."

"తర్వాత పాటలకి?"

"మళ్ళీ ఎప్పుడూ అలా కాలేదు. దీపానికి అలవాటు పడ్డారనుకున్నాను."

"ఎవరికీ చెప్పలేదు నువ్వు."

"ఎవరికి చెప్తాను? అప్పుడు రికార్డు మీద నా పేరు పడితే మా నాన్న ఉంగరం తిప్పి పంపేసేవారు. తర్వాత పేపర్లో ఆయన ఫొటో వచ్చింది. కుర్రాళ్ళు ఇంటికొచ్చి ఆ వరస నేర్పమంటే, ఆయన లోపలికొచ్చి నన్ను అడిగి, బయటికెళ్ళి చూపించేవారు. నేను వాళ్ళకి టీ పట్టుకెళ్ళేదాన్ని. నువ్వూ మర్చిపో. శుక్రవారం తెర మీద ఆయన బొమ్మ వేస్తారు కదా. నన్ను రమ్మనకు. దాని కింద నిలబడి నేను ఆ వరస వాయిస్తే, పోయిన మనిషి ముందు మళ్ళీ ఆ దీపం వెలిగించినట్టు కాదా?"

"నాకు కొత్తగా తెలిసిందేమీ లేదు వదినా."

"అంటే?"

"ఆ రోజు సిగరెట్లు మర్చిపోయి వెనక్కొచ్చాను. అద్దం అవతల నిలబడి మొత్తం విన్నాను."

"అప్పటి నుంచీ తెలుసా నీకు?"

"తెలుసు. వాడి పరువు పోకూడదని నీ దగ్గర నేను, నా దగ్గర నువ్వు. మనిద్దరం భలే కాపలా కాశాం."

"మరి ఇందాకటి నుంచీ ఈ భాగోతం ఏంటి? రంగులో సీసం, బోలుది ఖంగుమనడం, గరుకు తీగలు గొంగళి కప్పడం. నిజంగానే నీ తెలివి అంతేనేమోనని జాలిపడ్డాను."

"సీసం సంగతి మాత్రం నేను నిజంగానే నమ్మాను. మిగతాదంతా వగీహ్ చెప్పినట్టు చేశాను."

"ఆయనెప్పుడు చెప్పారు?"

"ఆస్పత్రిలో. ఆ పాట మళ్ళీ వాయించాల్సి వస్తే మేర్వత్‌నే పిలవండి అన్నాడు. కానీ వాయించమని అడగొద్దు, చచ్చినా రాదు. ఎదురుగా కూర్చుని సౌండు గురించి తప్పులు వాగుతూ పో, తట్టుకోలేక తనే బేస్ లాక్కుంటుంది అన్నాడు."

"అంత గ్యారంటీగా ఎలా చెప్పారు?"

"నేనూ అదే అడిగాను. దీపమంటే నాకు భయమేంట్రా, ఆ రోజు స్టూడియోలో నేను చేసిందీ అదే అన్నాడు."