బొంత మీద మరక

పాత ఇంటి సామాన్ల బొమ్మలు గీసే సర్కారు ఉద్యోగంలో చేరిన అమ్మాయి, కెంటకీ కొండల్లో ఒక ముసలమ్మ ఇంట్లో అతుకుల బొంత ముందు కూర్చుంది.

“మామ్మగారూ, ఈ మరక కూడా గీస్తాను. ఉన్నది ఉన్నట్టు గీయమన్నారు.”

“గీయమ్మా. ఇన్నేళ్లూ ఉతక్కుండా దాచింది అందుకేగా.”

“కాఫీ ఒలికిందా?”

“మా ఆయన రక్తం. గుర్రం తన్ని పోయాడన్నారు. మంచం మీద పడుకున్న మనిషిని తన్నడానికి గుర్రం ఇంట్లోకి వస్తుందా?”

“మరి ఎవరు?”

“మా మరిది ఎల్బర్ట్. ఈ పొలమంతా ఇప్పుడు వాడిదే. నా మాట ఎవడూ వినలేదు. నీ బొమ్మ వాషింగ్టన్ వెళ్తుందటగా?”

“వెళ్తుంది. నేను మరక గీస్తున్నట్టు ఎవరికైనా చెప్పారా?”

“నువ్వు ఉన్నది ఉన్నట్టు గీస్తావని పొద్దున్నే వాడికే చెప్పాను. మొహం పాలిపోయిందనుకో!”

“అయ్యో, ఎందుకు చెప్పారు? బయట ట్రక్కు ఆగింది.”

“వాడే. నువ్వు గీస్తూ ఉండు. ఈసారి తలుపు గడియ వేశాను.”