గేటు దగ్గర ఇచ్చిన ఎలుకలు

ఒరే దినేషూ, అమ్మీ కవితా, ముందు నాకొకటి చెప్పండి. ఎలుకని దెబ్బ తగలకుండా, ప్రాణంతో పట్టాలంటే ఎలాగ?

బోనా? సరే, సగం మార్కు. బోనులో అది కంగారుపడి మూతి చీరుకుంటాది. మీ ముత్తాత, అదే మా నాన్న, వెదురుబుట్ట అల్లేవాడు. లోపలికి దారి ఉంటాది, బయటికి ఉండదు. గాయమైన ఎలుకని ఆ పాత ఆస్పత్రి గేటు దగ్గర పుచ్చుకునేవారు కాదు మరి.

ఇప్పుడు ఆ ఆస్పత్రి గోడకే పలక పెడతారట. యుద్ధంలో అక్కడ బలవంతంగా పని చేసినవాళ్ల పేర్లతో. నాన్న పేరు ఇవ్వమని మీరు కాగితం తెచ్చినారు. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. వినండి.

జపానోళ్లు ఈ దేశాన్ని ఏలిన కాలం. జొహోర్‌లో మా రబ్బరుతోట పక్కనే ఆ ఆస్పత్రి. రోగుల్ని పంపేసి వాళ్ల డాక్టర్లు దిగినారు. మాకు పొద్దున ఉబి, రాత్రి ఉబి. ఉబి అంటే మలయ్ మాటలో కర్రపెండలం. రెండు ఎలుకలకి పాలడబ్బాడు బియ్యం ఇచ్చేవారు. కాదు కాదు, మూడింటికి. అమ్మ మూడనే చెప్పేది. తోటలో ఎలుకల బాధ పోగొడుతున్నారని అందరూ అనుకున్నారు. ఎలుకల ఒంటిమీది పురుగులతో లోపల శత్రువుల మీద వదలడానికి ప్లేగు పెంచినారని నేను బడి నుంచి రిటైరయ్యాక పేపర్లో చదివినాను.

మరి నాన్న ఏటి అనుకున్నాడు? నా అనుమానం అక్కడే.

చూసినది వేరే చెప్తాను, విన్నది వేరే చెప్తాను, రెండూ కలపకండి. చూసినది, నాకప్పుడు అయిదారేళ్లు. గేటు నుంచి వస్తే నాన్న ఇంట్లోకి రాడు. పెరట్లోనే బట్టలిప్పి మరుగునీళ్లలో పడేసి, ఒళ్లంతా బూడిద రాసుకుని తానం చేసేవాడు. నేను పరిగెట్టుకెళ్తే కర్ర అడ్డం పెట్టి ఆపేవాడు. విన్నది ఏటంటే, గేటు దగ్గర ఎలుకలు పుచ్చుకునే మనుషులు మోచేతులదాకా తొడుగులు వేసుకుని, ప్యాంట్లు మేజోళ్లలో దోపుకునేవారట.

మా సిన్న మావయ్య అప్పన్న, అమ్మ తమ్ముడు. నాన్నకి కాలు బెణికితే మూడు రోజులు ఆ బుట్టలు తనే మోసినాడు. మోసి, అలాగే వెళ్లి ఒంటరి మగాళ్ల లైనులో, అదే కూలీల వరసగదుల్లో, చాపమీద పడుకునేవాడు. వారం తిరక్కుండా జ్వరం, గజ్జల్లో గడ్డలు. పోయినాడు. పందొమ్మిదేళ్లు.

అమ్మ ఒక్కసారే అడిగినాది, పొయ్యి దగ్గర. "ఆడికి తానం సెయ్యమని సెప్పినావా?"

నాన్న లేచి బయటికి పోయినాడు. ఆ తరవాత ఇద్దరూ నలభై ఏళ్లు కాపురం చేసినారు. ఆ మాట మళ్లీ రాలేదు.

ఎలుక కంపుకే కడుక్కునేవాడంటావా కవితా? అనుకుందాం. కంపుకైతే నన్ను కర్రతో ఎందుకు ఆపాలి?

పాపం ఆయనకేటి తెలుసంటావు దినేషూ నువ్వు. అది రుజువైతే ఈ కాగితం మొన్ననే ఇచ్చేదాన్ని కదరా. ఆకలి నిజం. జపానోడి కత్తీ నిజం, ఎలుకలు తేనంటే ఊరుకునేవాడు కాదు. కానీ మావయ్యకి ఒక్క మాట చెప్పడానికి ఏ జపానోడు అడ్డం వచ్చినాడు?

మావయ్య పేరు రాయి. దాని కింద నాన్న పేరు... నాన్నే ఉంటే రాయమనేవాడో, తన పేరు వద్దనేవాడో. అదీ నాకు తెలీదు చూడు. ఖాళీగా ఉంచు. అడిగితే, మా అమ్మమ్మ ఇంకా ఆలోచిస్తోంది అని చెప్పు.

సల్లగా ఉండండి. జరగండి, మినప్పప్పు సగం రుబ్బి వచ్చేసినాను.