తొమ్మిది మణుగుల మనిషి

పెనుకొండలో ఒక చిన్న దవాఖానా; మణుగులు పోయి కిలోలు వచ్చిన కొత్త. తెర వెనక బల్ల మీద నేను, అంటే ధర్మవరం నేతగాడు సంజీవప్పను. నా కుడికాలు ఒళ్ళో పెట్టుకుని నర్సు రూతమ్మ.

“...అందుకే చెప్తాండా సిస్టరమ్మా, నన్ను తూచే కాటా ఈ జిల్లాలోనే లేదు. హిందూపురం బెల్లం మండీలో నేను ఎక్కితే కాటా దూలం ఫెళ్ళున విరిగిపోయె. కావాలంటే పోయి అడుగు.”

“కాలు కదిలించొద్దు.”

“ఇంత లావు దూలం! చింత దుంగ!”

“కదిలించొద్దంటాండా కదా. ఈ పుండు ఎన్నాళ్ళ నుంచి ఉండాది?”

“ఏ పుండు?”

“నేను పట్టుకోనుండే ఈ కాలి వేలికుండే పుండు.”

“ఓ, అదా. అది పుండు కాదు. మగ్గం తొక్కేటప్పుడు కట్టె రాసుకునింది, అంతే.”

“రాసుకునింటే ఈపాటికి మానాల. ఇది మాగిన చింతపండు మాదిరి ఉండాది. నొప్పి లేదా?”

“సూదంత కూడా లేదు. అది మంచిదే కదా?”

“నొప్పి లేదు కాబట్టే నాకు భయం.”

“నొప్పి ఉంటే చెడ్డ, నొప్పి లేకున్నా చెడ్డ. మీ దవాఖానా వాళ్ళతో వేగేదెట్ల తల్లీ?”

“నీ మూత్రం పోసి కాంచినప్పుడు నువ్వూ చూసినావు కదా? ఆ నీలం నీళ్ళు ఏ రంగుకు తిరిగె?”

“ఇటిక రంగుకు. భలే రంగు సిస్టరమ్మా! పచ్చ చీరకు ఆ రంగు అంచు వేస్తే బెంగుళూరు షావుకార్లు ఎగబడతారు. ఆ నీలం నీళ్ళు యాడ దొరుకుతాయి?”

“చక్కెర జబ్బప్పా నీకు! డాక్టరు చెప్పినాడా లేదా?”

“చెప్పినాడు. తల ఎత్తకుండానే చెప్పినాడు. ‘లావు తగ్గు, లేకుంటే వేలు తియ్యాల్సొస్తాది’ అనె. ఎట్ల తగ్గేది సామీ అంటి. ‘తక్కువ తిను’ అనె. నేను లోపలికి పోయి బయటికి వచ్చేంతలో ఆయన చూసింది నా పొట్ట ఒక్కటే. కాలి వేలికి పుండు ఉండాది, చూడండి సామీ అంటే చూళ్ళేదు. పాపం, పొట్ట అడ్డమొచ్చి కనపళ్ళేదేమో.”

“నవ్వించొద్దు, గాజుగుడ్డ జారిపోతాంది. ఎప్పుడైనా తగ్గేదానికి నువ్వేమైనా చేసినావా?”

“చెయ్యకేం! ముదిగుబ్బలో ఒకాయన ‘ఉలవలు తిను, గుర్రం మాదిరి అవుతావు’ అనె. నెలంతా తింటి.”

“తగ్గినావా?”

“ఉలవలు తింటి, దాంతోపాటు సంగటీ తింటి. గుర్రం అయితిని గానీ, కడుపుతో ఉండే గుర్రం అయితి.”

“దేవా! ఇంకా?”

“మగ్గం గుంతలో కూర్చుంటే పొట్ట పోయి చీర చుట్టుకునే కొయ్యకు తగిలె. చెమట పట్టుకు అంటి మరక పడె. షావుకారు చెన్నకేశవులు చీర వెనక్కి పంపె. దాంతో నాకు తెలివొచ్చింది.”

“తిండి తగ్గించినావా?”

“గుంత పెద్దది చేస్తి.”

“గుంతనా!”

“వెనక గోడ జానెడు తవ్వితి. పొట్ట సుఖంగా పట్టె. కానీ నేను వెనక్కి పోతి కదా, చేతులు మగ్గానికి అందకపాయె. ఆ దావన పొయ్యేవాళ్ళంతా తొంగి చూసి, ‘ఏం సంజీవప్పా, నీళ్ళు పడినాయా?’ అని అడుగుతుండిరి.”

“గుంత తవ్వే బదులు రెండు పూటలు మజ్జిగ తాగింటే సరిపొయ్యేది కదప్పా.”

“నువ్వు ధర్మవరం చూసింటావు గానీ మా వీధి చూళ్ళేదు. నేను చిక్కిపోతే ఏమంటారో తెలుసునా? ‘సంజీవప్ప చితికిపోయె’ అంటారు. ఏ షావుకారూ పట్టు చేతికియ్యడు. ఇప్పుడైతే పెళ్ళికి పోతే ముందు చాప మీద నన్నే కూర్చోబెడతారు, కలిగినోడని. నా ఇంటికొచ్చి గాదెలో తొంగి చూసినోడు ఒకడూ లేడు. అందరూ పొట్టనే చూసి నమ్ముతాండారు.”

“ముందు చాప మీద కూర్చునేదానికి కూడా కాళ్ళు కావాల కదా? ఈ పుండు వేలుతో ఆగదు. ఎగబాకితే పాదం పోతాది. అప్పుడు మగ్గం ఎట్ల తొక్కుతావు?”

“ఒంటి కాలితో తొక్కలేమా?”

“నేతగాడివి నువ్వు. నువ్వే చెప్పు.”

“తొక్కలేం.”

“అందుకే, ఆ కాటా ఎక్కు. ఈ పొద్దు ఎంతుండావో తెలిస్తేనే, వచ్చే నెల తగ్గినావో లేదో తెలుస్తాది.”

“అది విరుగుతాదని చెప్తినే!”

“ఇది ఇనుముది.”

“హిందూపురం దూలం కూడా...”

“పెద్దాయనా, నా పక్క చూసి చెప్పు. అది విరిగిందా?”

“చిట్లింది.”

“చిట్లిందా?”

“కిర్రుమనింది.”

“కిర్రుమనిందా?”

“అబ్బ, పోలీసు ఇంట్లో పుట్టినావా తల్లీ? విరగలేదు. కిర్రు కూడా అనలేదు. బాగానే మోసింది. దానికేం కాలేదు, అయ్యిందంతా నాకే.”

“ఏమయ్యె నీకు?”

“ఈ పుండు శెనక్కాయంత ఉండేటప్పుడు హిందూపురంలో ఒక డాక్టరు దగ్గరికి పోతి. ఆయన కాటా బయట వసారాలో ఉండాది. చూపించుకునేదానికి వచ్చినోళ్ళంతా ఆడ వరసగా కూర్చోనుండారు, నాటకానికి వచ్చినట్ల. నేను కాలు పెట్టబోతే ఒకడు ‘ఈ పొద్దుతో దానికి ఆయుస్సు తీరె’ అనె. కాంపౌండరు కూడా నవ్వె. నేనూ నవ్వితి. మనమే ముందు నవ్వితే వాళ్ళ నవ్వు మనకు తగల్దు. నాకొచ్చిన విద్య అదొక్కటే. నవ్వుకుంటానే చెప్పులేసుకోని బయటికొస్తి.”

“డాక్టరుకు కాలు చూపించకుండానే?”

“చూపించకుండానే.”

“శెనక్కాయంత ఉండేటప్పుడు...”

“అట్ల చూడొద్దు. మంచి భాగం ఇంక ముందుండాది. బయటికొచ్చి ఆలోచన చేస్తి. బెల్లం మండీలో మనిషిని ఎవరు చూస్తారు? దిమ్మెలను చూస్తారు, మూటలను చూస్తారు. ఆడైతే కామ్‌గా తూచుకోని రావచ్చు అని పోతి. తూచేవాడు కన్నడమోడు, మంచోడే. ‘కూతుకొళ్ళి అజ్జా’ అని తట్టలో కూర్చోబెట్టె. ఒక పక్క నేను, ఇంకో పక్క గుండ్లు. అంతా బాగుండె. మండీ వాడుక ఒకటి మరిచిపోతి.”

“ఏం వాడుక?”

“తూకం ఎంతొస్తే అంత, మండీ అంతా వినపడేట్ల రాగం తీసి అరవాల. వాడు అలవాటు కొద్దీ నోరు తెరిచె. ‘తొమ్మిదీ మణుగులో... తొమ్మిదీ!’ అని. ఆ మూల మూటల మీద పండుకోనుండే దలాలి ఒకడు, తల కూడా ఎత్తకుండా, ‘ఏ ఊరి సరుకు?’ అని అడిగె.”

“అయ్యో! ఎవరు చెప్పిరి?”

“నేనే చెప్తి. ‘ధర్మవరం’ అని. ‘తడి సరుకా, ఎండు సరుకా?’ అనె. ‘నెయ్యి సరుకు’ అంటి.”

“చాలు, చాలు, కడుపు నొప్పి వస్తాంది. ఇది కూడా దూలం మాదిరిదేనా?”

“ఒట్టు, ఇది నిజం. నేను ఏం చెప్పినా దాంట్లో ఒక్కటే కల్పన ఉంటాది. మిగతాదంతా దానికి కాపలా.”

“ఆ ఒక్కటీ దూలమే కదా. అయిపోయె.”

“అది నువ్వు పట్టుకున్నావు. పట్టుబడింది లెక్కకు రాదు.”

“సరే. ఈడ వసారా లేదు, దలాలి లేడు. తెర ఉండాది. ఎక్కు.”

“నువ్వుండావు కదా.”

“నన్ను చూసి కూడా సిగ్గుపడతావా? ఒకసారి నా ఒళ్ళు చూడప్పా.”

“చూస్తానే ఉండా. చెప్పకూడదు గానీ, తెర వెనక నువ్వుండావని బయట నుంచే తెలుస్తాంది. తెర ముందుకు ఉబ్బుతాంది.”

“నీ నోరు కూడా సన్నగా లేదు.”

“కోపమొచ్చెనా?”

“లేదులే. ఈ తెర రోగుల కోసం కట్టింది కాదు పెద్దాయనా. నా కోసం కట్టింది.”

“అంటే?”

“లావు తగ్గమని డాక్టరు చెప్పేటప్పుడు నేను పక్కన నిలబడితే రోగులు నన్ను చూసి నవ్వుతారంట. ‘నువ్వు తెర వెనక కట్లు కట్టుకో రూతమ్మా’ అనె. ఆయన మాట అట్లుంచు. నల్లమాడ నుంచి ఒకామె వచ్చె, మోకాళ్ళ నొప్పితో. కొంచెం తిండి తగ్గించు తల్లీ అంటి. ‘నువ్వు తగ్గించింది కనపడతానే ఉండాదిలే’ అనె. అప్పట్నుంచి తిండి సంగతి ఎవరికీ చెప్పను. నోరు మూసుకోని కట్లు కడతాండా.”

“నాకు చెప్తాండావే?”

“నువ్వు నాకంటే లావు. అందుకు ధైర్యం.”

“మంచి పని చేస్తివి. ఇంతకూ నువ్వెంత తూగుతావు?”

“దినామూ ఆ కాటా తుడుస్తా.”

“తుడిచేది అడగలేదు.”

“నాకేం పుండు లేదే. నేనెందుకు ఎక్కాల?”

“ఎక్కనే లేదా! దినామూ తుడుస్తా, ఒక్కసారి కూడా ఎక్కలేదా! నువ్వెక్కితే నేనెక్కుతా. మండీవాని మాదిరి అరవను, మాటిస్తా.”

“డాక్టరు వస్తే?”

“ఆయన తల ఎత్తడు కదా.”

“...సరే. ఎక్కినా. నేను కళ్ళు మూసుకోనుండా. నువ్వే చదువు.”

“వీధి బడి చదువు తల్లీ నాది, వంగనీ... ఎనభై... ఎనభై ఎనిమిది.”

“బాగా చూసినావా?”

“బాగానే.”

“నూరు దాటింటానని ఇన్నేండ్లూ భయపడుతుంటి.”

“నా పక్కన నువ్వు పసిబిడ్డవు. కళ్ళు తుడుచుకోని దిగు. నేనేం చూళ్ళేదు, నేనేం వినలేదు.”

“ఇంక నువ్వు.”

“చెప్పులతోనా?”

“చెప్పులు తియ్యి.”

“తలగుడ్డ?”

“తియ్యి.”

“మొలతాడు వెండిది, బరువుంటాది...”

“ఎక్కు పెద్దాయనా!”

“ఎక్కినా, ఎక్కినా. ఏమంటాది?”

“నూట రెండు.”

“కిలోలా?”

“కిలోలే.”

“చూసినావా అన్యాయం! మణుగుల్లో తొమ్మిదే ఉంటి. అదే నేను, అదే పొట్ట. ఈ కిలోలు తెచ్చి ఒక్క రాత్రిలో నన్ను నూట రెండు చేసిరి. లావెక్కింది నేను కాదు సిస్టరమ్మా, లెక్క.”

“దిగి కూర్చో. ఇప్పుడు నెమ్మదిగా చెప్పు. నవ్వను, తిట్టను. రాత్రికి ఏం తింటావు?”

“సంగటి.”

“ఎంత?”

“మా ఉలిగమ్మ పెట్టినంత.”

“ఎంత పెడతాది మీ ఇంటామె?”

“రెండు ముద్దలు. ముద్దంటే ముద్ద కాదు, గుండు. నడుమ గుంత చేసి నెయ్యి పోస్తాది, పక్కన ఊరిబిండి పచ్చడి. వద్దే అంటే విననే వినదు.”

“ఎందుకు వినదు?”

“కరువేడు నేనెట్లుంటినో చూసింది కదా. నూలు లేదు, మగ్గాలన్నీ పండుకున్నె. ఇద్దరం చెంబులు పట్టుకోని గంజి పోసే కాడ నిలబడితిమి. ఒక పొద్దు నా పక్కటెముకలు తడిమి చూసి ఏడ్చె. ‘ఈ ఎముకలు మళ్ళా నా చేతికి తగలకూడదు’ అనె. మాట నిలబెట్టుకునింది. కావాలంటే నువ్వు కూడా వెతుకు, ఒక్కటి దొరకదు.”

“...అట్లయితే తిట్టేదెట్ల ఆమెను.”

“తిట్టొద్దు.”

“తిట్టను. కానీ రెండో ముద్ద మానాల సంజీవప్పా. తొలి మందు అదే. శుక్రవారం నేను ధర్మవరం వస్తాండా, మా చెల్లెలింటికి. ఉలిగమ్మతో నేనే మాట్లాడతా. ఆడమనిషి చెప్తే వింటాది.”

“రావద్దులే.”

“ఎందుకు?”

“ఆమె బయటోళ్ళతో మాట్లాడదు.”

“నర్సుతో ఎందుకు మాట్లాడదు?”

“శుక్రవారం ఇంట్లో ఉండదు.”

“శనివారం పొద్దున్నే వస్తా.”

“శనివారమూ ఉండదు.”

“యాడికి పోతాది అంత పని మీద? పోనీ, నువ్వే రైలెక్కించి ఈడికి పిలుచుకోని రా.”

“ఆ కట్టు కొంచెం బిగువయింది సిస్టరమ్మా.”

“నొప్పే లేదంటివి, బిగువెట్ల తెలిసె? మాట తప్పించొద్దు. కాలు పోతే మగ్గం పోతాదని ఆమెకు తెలియాల్నా వద్దా? తెలియక ఆమె ప్రేమతో పెడతానే ఉంటే, నువ్వు తింటానే ఉంటే, నేను కట్టే ఈ కట్లు ఎందుకు?”

“ఒక కల్పన ఉంటాదని చెప్పినా కదా.”

“ఇప్పుడు కథలొద్దు.”

“కథ కాదు. ఆ ఒక్కటి ఏదో చెప్తా, అడుగు.”

“దలాలిదా?”

“దలాలి నిజం.”

“గుంతదా?”

“గుంత వచ్చి చూసుకో. అట్లే ఉండాది.”

“మరేంది?”

“‘ఉలిగమ్మ పెడతాది’ అంటి చూడు, అది. ఆమె పోయి మూడు ఉగాదులాయె. సంగటి నేనే కెలుకుతా. చెయ్యి పాత లెక్కనే రెండు ముద్దలు చేస్తాది. రెండు పళ్ళేల్లో పెడతా. నాది తింటా, కొంచెంసేపు చూస్తా, పారెయ్యలేక ఆమెది కూడా నేనే తింటా.”