ఇరవై నాలుగో బొమ్మ

ముందు ఆ అట్టముక్క తీయ్ బసవపున్నయ్య సారూ. అది తీసినంకనే కూసుంట. చాయ్ వద్దు. వద్దంటున్న గదా! ఇయ్యాల నీ ఇంట్ల నీళ్ళు గూడ నాకు గొంతు దిగవు.

నాకు సదువు రాదని గదా నీ ధీమా? నాకు రాదు. నా బిడ్డకొస్తది. మా శ్యామల అంగన్‌వాడీల పిల్లలకు అక్షరాలు చెప్తది. నిన్న మీటింగుకని ఏన్కూరొచ్చి, నాయిన చెక్కిన బొమ్మలు సూసిపోదామని నీ ఇంట్ల అడుగు పెట్టింది. బల్ల సూసింది. బల్ల ముందట నువ్వు పెట్టిన అట్ట సదివింది. గూడేనికొచ్చి నాకు అప్పజెప్పింది, ఒక్క ముక్క పోకుండ.

"మూడవ కాల్పులకు చెదిరి గిరిజనులు అడవిలోనికి పారిపోవుట." గంతేనా? అవ్ గదా! ఎంత సక్కగ రాసినవ్ సారూ. గుండ్రటి అక్షరాలు, కింద గీత. ముప్పై ఏండ్లు డ్రాయింగ్ మాస్టరువి మరి.

రేపు పొద్దుగాల వ్యాన్ వస్తది. ఈ బల్ల, ఈ గుట్టలు, నీలం రంగు పోసిన ఈ వాగు, అన్నీ ఖమ్మం ఎగ్జిబిషన్‌కు పోతయ్. మా గూడెం గూడెం ట్రాక్టరు మాట్లాడుకున్నది, మన తాతల బొమ్మలు సూడబోదామని. ఆడోళ్ళు కొత్త చీరెలు తీసి పెట్టుకున్నరు. గంత దూరమొచ్చి వాళ్ళు ఏం సూడాలె? ఈపులా?

ఇటు రా. సూడు. మూడు బొమ్మలు పండుకోబెట్టినవ్. మిగిలిన ఇరవై బొమ్మల్ని అడవి దిక్కు తిప్పినవ్. నేను వాళ్ళ చేతిల విల్లు ఎక్కుపెట్టి చెక్కిన గదా! ఎదురుంగ సిపాయి ఉంటడని చెక్కిన. ఇప్పుడు తిప్పితే ఏమయింది? ఎనక తుపాకులోళ్ళను పెట్టుకోని, మావోళ్ళు చెట్ల మీదికి బాణాలేస్తున్నరు. ఎవని మీద సారూ? ఎలుగ్గొడ్డు మీదనా? పిల్లలు సూస్తే నవ్వరా?

ఏందీ? రూలా?

ఆ పుస్తకం తియ్యకు. తీసినవంటే పొయ్యిల పెడ్త, సెప్తున్న. హైదరాబాదుల ఆదివారం రోడ్డు మీద పరిచి అమ్మితే కొనుక్కొచ్చినవ్, అట్ట గూడ లేదు దానికి. బొమ్మలతోని యుద్ధమాడుకునేటి తెల్లోళ్ళ పుస్తకం. తుపాకి పన్నెండు ఇంచులు కొడ్తదంట, బాణం నాలుగు ఇంచులంట. సరే, ఒప్పుకున్న. స్కేలు పెట్టి నువ్వు కొలుస్తుంటే నోరు మూసుకోని సూసిన.

గని ఆ ధైర్యం లెక్క ఏంది సారూ? ఎర్రకోటు సిపాయిలు సగం మంది పడ్డదాంక కదలొద్దంట. మావోళ్ళు మాత్రం మూడు బొమ్మలు పడంగనే పాచిక ఎయ్యాలంట. నాలుగు కంటె తక్కువ పడితే ఎనక్కి తిరిగి ఉరకాలంట. ఎవడు రాసిండు ఇది? వాడు మా నల్లమడుగు వాగు సూసిండా? మా అడవిల ఒక్క దినమన్న నడిసిండా?

నేను నీకు చెప్పలేదా? ఈ గడప మీదనే కూసోని చెప్పిన. చెట్టుకు పన్ను, పోడుకు పన్ను అని తెల్లదొర సిపాయిలొస్తే, మా గూడెంల మొగోళ్ళందరు, ఇరవై ముగ్గురు, వాగు కాడ అడ్డం నిలబడ్డరని. ఇరవై ముగ్గురు ఆడనే పడ్డరు, ఒక్కడు గూడ ఉరకలేదని. నువ్వు రాసుకున్నవ్ గదా! నేను చెప్పింది నోటుబుక్కుల ఉన్నది. తెల్లోడు చెప్పింది బల్ల మీద ఉన్నది. గంతే గదా మన దోస్తానా!

చెప్పేటోనికి ఇనేటోడు లోకువ అంటరు. మన కాడ ఉల్టా అయింది.

ఆరేండ్లాయె సారూ. ఆశ్రమ స్కూలుకు కొత్తగ వచ్చినప్పుడు, పొణికి కట్టె ఎవరు తెస్తరని అడుక్కుంట మా ఇంటికొచ్చినవ్. తెలుపు కట్టె, తేలికది, కత్తికి మెత్తగ వస్తది. నాగలికి పనికిరాదు, పొయ్యికి పనికిరాదు. గింతంత మనుషులను చెక్కుతవా ముసలయ్యా అన్నవ్. బొటనవేలంత. నవ్వొచ్చింది నాకు. అరవై ఏండ్లకు దగ్గరపడ్డోళ్ళం, బొమ్మలాట ఏందని. గని చెక్కిన. ఆదివారమొస్తే అడవిల పని ఇడిసి, బస్సెక్కి, నీ బల్ల కాడికొచ్చిన. ఎందుకంటే మంచిగనిపించింది. అబద్ధమెందుకు, నీ ఆట నాకు మంచిగనే అనిపించింది.

ఆరేండ్లల్ల నాకు ఒక్కసారన్న గెలిచేటి దిక్కు ఇచ్చినవా? బొబ్బిలి ఆడితే కోటల నేను, ఫిరంగులు నీయి. ఒకసారి నోరు తెరిచి, సారూ ఇయ్యాల ఎర్రకోట్లు నాకియ్యి అన్న. ఏమన్నవ్? "నీకు సూటు కావులే ముసలయ్యా" అని నవ్వినవ్. నేనూ నవ్విన. బస్సుల పోంగ పోంగ నవ్వు పోయింది.

ఆ రంగుల ముచ్చట గూడ ఇయ్యాల్నే తేల్చుకుందాం.

సిపాయి బొమ్మకు ఎన్ని రోజులు పడ్తది నీకు? రెండు. కోటుకు ఎరుపు, పట్టీకి తెలుపు, ఇగ గుండీలు! ఉడుత తోకది సన్న కుంచె తీసి, ఊపిరి బిగవట్టి, ఒక్కొక్క గుండీకి ఇత్తడి చుక్క. మీసం కొసకు ఒక పూట. ఒకనికి గడ్డం కింద పుట్టుమచ్చ గూడ పెట్టినవ్. ఆ సిపాయి నీ చుట్టమా?

మావోళ్ళకు? సైకిలు మడ్‌గార్డుకు ఏసేటి నల్ల రంగు డబ్బా. ముంచుడు, తీసుడు. ఇరవై ముగ్గురు ఒక్క పగటికి అయిపోయిండ్రు! నేను ఒక్కొక్కని ముక్కు ఒక్కొక్క తీరు చెక్కిన సారూ. ఒకనికి దవడ పెద్దది, ఒకనికి కన్ను మెల్ల. నీ రంగు గట్టకట్టి అన్నీ పూడిపోయినయ్. ఇరవై మూడు మొఖాలు ఒక్కటే మొఖమయినయ్. గోటితోని గీకి సూసిన, రాలే.

నెత్తి మీద కొమ్ములు గూడ పెడ్తివి! నేను చెక్కినవా? నువ్వు మైనంతోని అంటించినవ్. కొమ్ములు పెట్టుకోని ఎవడన్న కొట్లాటకు పోతడా? అది పెండ్లిల, పండుగల ఆడేటప్పుడు కట్టుకునేది. సిపాయి డోలు మెడకేసుకోని పొదల్ల దాక్కున్నట్టుంటది.

ఏందీ? నీ తప్పేనా? ఒప్పుకుంటున్నవా? గట్ల జల్దీ ఒప్పుకోకు సారూ. నువ్వు ఒప్పుకుంటే నేను ఇంకెవని మీద అరవాలె?

తియ్యకు. అట్ట ఇంక తియ్యకు. ఆగు జెర.

నిన్న శ్యామల సదివి చెప్పినంక నేను మస్తు లొల్లి చేసిన. ఈ సారును నమ్మి ఇజ్జత్ పోగొట్టుకుంటినని, బల్ల ఇరగ్గొడ్తనని గొడ్డలి గూడ తీసిన. ఆ పిల్ల బియ్యం చెరుగుకుంట కూసున్నది. తల ఎత్తకుండనే అడిగింది. "నాయినా, ఇరవై ముగ్గురు ఆడనే సచ్చిపోతే, కొట్లాటయినంక పుట్టిన మీ తాతకు నాయిన ఎవరు? మరి మనం ఎవరి పిల్లలం?"

కొట్టిన సారూ. ముప్పై ఏండ్ల బిడ్డను, ఇద్దరు పిల్లల తల్లిని, చెంప మీద కొట్టిన. పుట్టినకాంచి దాని మీద చెయ్యి లేపలే నేను. అది ఏడ్వలే. చాట పక్కకు పెట్టి నా మొఖం దిక్కు సూసింది. గంతే.

కూసుంట. అవ్, కూసుంట. ఆ చాయ్ సల్లారితే సల్లారింది, ఇటియ్యి.

పోయిన ఏడు విత్తనాల పండుగకు నువ్వు రీలు కెమెరా పట్టుకోని మా గూడేనికొచ్చినవ్, యాదికున్నదా? మొగోళ్ళందరం ఏటకు బయలెల్లినం. నేను అందరి కంటె ఎనక ఉన్న. "ముసలయ్యా, పెద్దోడివి, ముందుకు రా, ఫొటోల పడవు" అని మొత్తుకున్నవ్. నేను రాలే. కాలు నొస్తుందన్న.

కాలు నొయ్యలే. మా ఇంటి మొగోడు ఆఖర్నే నడవాలె. మా నాయిన గట్లనే నడిసిండు, మా తాత గట్లనే నడిసిండు. ఎందుకని ఎవ్వరూ అడగరు. అందరికీ ఎరుకే గని ఎవ్వరూ అనరు. పిల్లలకు మాత్రం చెప్పం. శ్యామలకు నేను చెప్పలే. ఆ పిల్ల లెక్కేసుకున్నది.

వాగు కాడ ఇరవై ముగ్గురు కాదు సారూ. ఇరవై నలుగురు.

మా తాతకు నాయిన. పేరు పగిడయ్య. పదిహేడేండ్లోడు, అప్పుడే పెండ్లయింది. మొదటి తుపాకుల మోతకు పక్కన ఉన్నోడు పడ్డడు. ఇంకో మోతకు ఇంకొకడు. మూడోసారి వాళ్ళ అన్న పడ్డడు, ఆయన కాళ్ళ మీదనే. ఊరంత ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అందరు సిపాయిల మీదికి పోయిండ్రు, ఆయన ఒక్కడు ఎనక్కి తిరిగి ఉరికిండు. నెల దినాలు గుట్టల్ల దుంపలు తిని బతికిండంట. తిరిగొచ్చేటాలకు గూడెంల ఆడోళ్ళు, పిల్లలే. మొగుళ్ళు పోయినోళ్ళు ఆయనకు పొయ్యిల నిప్పు గూడ ఇయ్యలేదంట. పొలిమేర కాడ గుడిసె ఏసుకున్నడు. అండ్లనే మా తాత పుట్టిండు.

సూసినవా? మూడు పడంగనే! ఆ తెల్లోడు ఏడ కూసోని రాసిండో, వానికెట్ల తెలిసిందో! నీ పుస్తకం సూస్తే నాకు మండేది గందుకే. అబద్ధమని గాదు. నా ఇంట్ల మాట వానికి తెలిసినట్టుంటది. ప్రతి ఆదివారం నువ్వు పాచిక ఇస్తుంటే, నువ్వే ఎయ్యి సారూ అని తిరిగిస్త, బద్ధకమనుకున్నవ్ నువ్వు.

ఇగో. రొండిన దాచి తెచ్చిన. పట్టుకో, ఇరగ్గొట్టకు. ఆరేండ్ల కింద నువ్వు వాగు కొట్లాట బొమ్మలు చెయ్యమన్నప్పుడు, ఇరవై ముగ్గురి కంటె ముందు ఈనినే చెక్కిన. మా ఇంటి సూర్ల దాచిపెట్టిన. అప్పుడప్పుడు తీసి సేతుల తిప్పి తిప్పి గిట్ల నున్నగయిండు. విల్లు లేదు, సూసినవా? పారేసిండు. ఒక కాలు గాలిల ఉన్నది. మెడ తిప్పి ఎనక్కి సూస్తున్నడు.

నా మీద జాలి సూపు సూడకు. నాకు మల్ల కోపమొస్తది.

ఆ ఇరవై మందిని సిపాయిల దిక్కు తిప్పు. నువ్వు జరుగు, నేనే తిప్పుత. కొమ్ములు పీకెయ్యి. ఈన్ని ఇక్కడ పెట్టు, వాగు దాటినంక, అడవి మొదట్ల. అట్ట కొత్తది రాయ్. నిలబడ్డది ఇరవై ముగ్గురు, ఉరికింది ఒక్కడు, పగిడయ్య అని పేరు పెట్టి రాయ్. రేపు గూడెమంత వస్తది, సదివేటోళ్ళు సదువుతరు. శ్యామలను నేనే ఎంట తీసుకొస్త. తప్పయిందని దానితోని ఎట్ల చెప్పాలో నాకు తెల్వదు, ఈ బొమ్మ సూపిస్త.

ఎదురుంగ నిలబడ్డోళ్ళు మస్తు మంది పెండ్లి గూడ కాకుండనే పోయిండ్రు సారూ. ఉరికినోని ఇంట్ల మేం పుట్టినం. ఏం చెయ్యమంటవ్?

ఆ నల్ల డబ్బా మూత పెట్టు. ఈనికి అది వద్దు. మీసం గూడ రానోడు, భయపడ్డడు, ఆ భయం మొఖం మీద కనపడాలె. వ్యాన్ ఎన్ని గంటలకన్నవ్? మరి ఇంక నన్ను సూసుకుంట కూసున్నవేంది? గుండీలకు పెట్టేటి ఆ సన్న కుంచె తీయ్.