ప్రింటు వెయ్యని ఫోటో

మచిలీపట్నం కోనేరు సెంటరులో ఒక ఫోటో స్టూడియో. 2005, ఎండాకాలం మధ్యాహ్నం. షట్టరు సగం దించి ఉంది. లోపల యజమాని బసవయ్య, ఎం.సి.ఏ. చదువుతున్న అతని కూతురు యశస్విని, ఒక కంప్యూటరు.

“ఎంతైంది?”

“సగం దాటింది నాన్నా. ఇందాకేగా అడిగావు.”

“సగమేనా? ఇంకా సగమేనా?”

“నలభై జీబీ డిస్కు. మొదటి నుంచి చివరిదాకా ఒక్క చోటు కూడా వదలకుండా సున్నాలు నింపుకుంటూ వెళ్ళాలి. కూర్చో. ఎందుకలా తిరుగుతావు?”

“తిరగట్లా. షట్టరు చూస్తున్నా.”

“షట్టరుకేమైంది?”

“ఏం కాలా. ఎండ పడుతోందని దించా. అది సరే, ఇక తిరిగి రావు కదా?”

“ఏవి?”

“అవే, ఫోటోలు.”

“రావు.”

“మొన్న అవనిగడ్డ వాళ్ళ పెళ్ళి ఫోటోలు నేను పొరపాటున డిలీట్ చేస్తే, నువ్వేగా ఏదో పెట్టి అన్నీ వెనక్కి తెచ్చావు? అలా ఇంకెవడైనా వచ్చి...”

“అది డిలీట్ నాన్నా. డిలీట్ చేస్తే ఇంటి ముందు పేరున్న బోర్డు పీకేసినట్టు. మనిషి లోపలే ఉంటాడు, వెతికితే దొరుకుతాడు. ఇది అలా కాదు. ఇల్లే చదును చేసేస్తుంది.”

“పోలీసులు వెతికినా దొరకదా?”

“పోలీసులా?”

“మాట వరసకన్నానమ్మా.”

“ఎవరు వెతికినా దొరకదు. పోలీసులు ఎందుకు వెతుకుతారు?”

“వెతుకుతారని నేనన్నానా? ఫ్రీగా వచ్చిందన్నావు దీన్ని. ఫ్రీగా ఇచ్చేది సరిగా పనిచేస్తుందా అని, అంతే.”

“మా ల్యాబ్‌లో పాత సిస్టమ్‌లు తీసేసేటప్పుడు ఇదే వాడతారు. ఎవరో రాసి, అందరూ వాడుకోండని నెట్‌లో పెట్టారు. దించుకుని సీడీలో ఎక్కించి తెచ్చా. దానికేం, బాగానే పనిచేస్తోంది. నాకు నీ సంగతే అర్థం కావట్లా.”

“నా సంగతేముంది? సిస్టమ్ అమ్ముతున్నా. కొన్నవాడికి మన కస్టమర్ల ఫోటోలెందుకు?”

“ఎవరు కొంటున్నారు?”

“దేవదానం.”

“ఏ దేవదానం?”

“చల్లపల్లి దేవదానం. జిరాక్సు షాపు.”

“పొద్దున ఘంటసాల అన్నావు.”

“ఘంటసాలే. ఊరు ఘంటసాల, షాపు చల్లపల్లి. ఎంతైంది?”

“కొత్త సిస్టమ్ కొనకుండా ఉన్నది అమ్మేస్తే, రేపు పని ఎలా చేస్తావు?”

“చేస్తాలే. ఎంతైందంటే చెప్పవేం?”

“ముప్పావు వంతు. ఫోను నాన్నా.”

“మోగనీ.”

“కస్టమరేమో.”

“మోగనీ అన్నానా!”

“... ఆగిపోయింది.”

“హమ్మయ్య.”

“హమ్మయ్య ఏంటి? స్టూడియోకి ఫోనొస్తే హమ్మయ్య అనుకోవడమేంటి? ఇదిగో, మళ్ళీ. నేను తీస్తా.”

“యశూ, వద్దు... వద్దమ్మా...”

“హలో. ఆఁ, స్టూడియోనేనండీ. నేను వాళ్ళమ్మాయిని. ఆఁ... ఏ ఫోటో అండీ? ఆఁ... నాన్న ఉన్నారండీ, ఇక్కడే...”

“లేనని చెప్పు!”

“... అలాగేనండీ. రండి.”

“ఉన్నానని ఎందుకు చెప్పావు?”

“లేవని చెప్పమని ముందు నాకు చెప్పలేదుగా. ఎవరో షీబా అంట. నిన్న కూడా చేసిందంట. బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ నుంచి మాట్లాడుతోంది. ఇప్పుడే వస్తానంది. మంగినపూడి ఫోటో అంది. ఏంటది?”

“ఏదోలే. రోజుకెన్ని ఫోటోలు తీస్తాం, అన్నీ గుర్తుంటాయా?”

“నాన్నా, నా మొహం చూసి చెప్పు.”

“చూస్తున్నాగా.”

“గోడ చూస్తున్నావు.”

“ఎంత...”

“ఎంతైందని అడిగితే ఇప్పుడే ఆపేస్తా.”

“వద్దు! చెప్తా, చెప్తా. ఒకడొచ్చాడు. చిలకలపూడి వాడు, రోల్డ్‌గోల్డ్ పని. వాడి ఫోటో ఒకటి తెచ్చుకున్నాడు. ‘పెళ్ళి కుదిరిందండీ, అమ్మాయి మీ దగ్గరే ఫోటో దిగింది, ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి ఇవ్వండీ’ అన్నాడు. వెనకాల మంగినపూడి బీచి కావాలన్నాడు. పెట్టిచ్చా. నేను చేసే పని అదేగా? పోయిన తాతల్ని తెచ్చి మనవళ్ళ మధ్య కూర్చోబెట్టట్లా? దుబాయ్‌లో ఉన్నవాణ్ణి చెల్లెలి పెళ్ళిలో నిలబెట్టట్లా?”

“ఆ అమ్మాయిని అడిగావా?”

“పెళ్ళి కుదిరిందన్నాడు తల్లీ.”

“అడిగావా?”

“... లేదు.”

“కుదరలేదు కదా?”

“వాడితో కాదు. గుడివాడ సంబంధం. వీడు వెంటపడితే ఆ అమ్మాయి ఛీ కొట్టిందంట. వీడా ఫోటో పట్టుకెళ్ళి గుడివాడ వాళ్ళింట్లో ఇచ్చాడు. వాళ్ళు మాకొద్దని చెప్పి, ఫోటో తెచ్చి ఈ అమ్మాయి నాన్న చేతిలో పెట్టారు.”

“ఇదంతా నీకెవరు చెప్పారు?”

“ఆ అమ్మాయే. నిన్న ఫోను చేసి ఏడ్చింది.”

“నువ్వేమన్నావు?”

“రాంగ్ నంబరని పెట్టేశా.”

“నాన్నా!”

“భయమేసిందమ్మా! కేసు పెడితే? నా పేరు పేపర్లో పడితే? ఇక బందర్లో ఏ ఆడపిల్లయినా నా కెమెరా ముందు నిలబడుతుందా? అందుకే, అసలు ఇక్కడ ఏమీ లేకుండా చేస్తే, నేను చెయ్యలేదంటే సరిపోద్దని...”

“నా చేత చెరిపిస్తున్నావు.”

“నాకు వచ్చుంటే నేనే చేసుకునేవాణ్ణి.”

“ఒక్క మాట చెప్పు. అతికించడానికి వాడిన ఆ అమ్మాయి అసలు ఫోటో కూడా ఇందులోనే ఉందా?”

“ఉంది.”

“ఆ ఫోటో ప్రింటు ఆమె దగ్గర ఉందా?”

“లేదు. పెళ్ళిసంబంధాలకి చూపించడానికని దిగింది. ప్రింటు వేసిచ్చింది వేరు, బిగుసుకుపోయి నిలబడింది. మధ్యలో ఒకసారి నవ్వింది, ఊరికే నొక్కా. బాగా వచ్చింది కదాని ఉంచుకున్నా, ప్రింటు మాత్రం వెయ్యలా. అతికించేటప్పుడు అదే తీశా. బిగుసుకుపోయింది పెడితే అతికినట్టు తెలిసిపోద్ది. ఇది పెడితే నిజంగా వాడి పక్కనే నిలబడి నవ్వుతున్నట్టు...”

“సీడీలో రాశావా?”

“ప్రింటు వెయ్యనిది సీడీలో ఎందుకు రాస్తా?”

“కెమెరా కార్డులో?”

“ఆ రోజే ఖాళీ చేశా. ఇప్పుడేమన్నా నెగెటివులా, డబ్బాలో ఉండటానికి?”

“అంటే ఆ అమ్మాయి ఒక్కతే మన స్టూడియో తెర ముందు నిలబడి నవ్విందని చూపించడానికి, ఉన్నది ఇదొక్కటే. నాన్నా, ఇది నీ తప్పుకి సాక్ష్యం అనుకుంటున్నావు. ఆ అమ్మాయికి సాక్ష్యం ఇది! ఆపేస్తున్నా.”

“ఆగు! యశూ, చెయ్యి తియ్యి!”

“వైరు వదులు నాన్నా!”

“నా మాట విను, ఇంకొంచెంలో అయిపోద్ది...”

“వదులు! వదలమంటుంటే!”

“... పీకావా?”

“పీకా.”

“మరి?”

“నువ్వు నా చెయ్యి పట్టుకున్నప్పుడే అయిపోయింది. పూర్తయిందని స్క్రీన్ మీద పడింది. పడ్డాక పీకా.”

“అంతా పోయిందా?”

“అంతా.”

“వెనక్కి తేలేవా? అవనిగడ్డ వాళ్ళవి తెచ్చావుగా?”

“ఇందాకంతా నువ్వడిగింది అదేగా, తిరిగి రావు కదా అని. ఇప్పుడు కూర్చుంటావేం? వస్తోంది ఆ అమ్మాయి. ఏం చెప్తావు?”

“ఎవరండీ లోపల? బసవయ్య గారూ...”

“రండి. కాస్త వంగి రండి, షట్టరు తలకి తగుల్తుంది. మీరు షీబా కదా? ఇందాక ఫోన్లో మాట్లాడింది నేనే, యశస్విని.”

“అవునండీ. నమస్కారం బసవయ్య గారూ. నేను తగువుకి రాలేదండీ. కేసులవీ కూడా పెట్టను.”

“కూర్చో అమ్మా.”

“లేదండీ, తొందరగా వెళ్ళాలి. అత్తయ్య వాళ్ళింటికని చెప్పి వచ్చా. మా నాన్న దయానందం గారు, మా చర్చిలో పెద్ద. ఆ ఫోటో చేతికొచ్చిన దగ్గర్నుంచి నాతో మాట్లాడట్లేదు. స్కూల్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని, మానిపించేశారు. గుడివాడ సంబంధం పోతే పోయిందండీ, దానికోసం కాదు. మీరు తీసిన అసలు ఫోటో ఒక్కటి ఇవ్వండి. పక్కన ఎవరూ లేనిది. తీసుకెళ్ళి నాన్నకి చూపిస్తా.”

“అదమ్మా... సిస్టమ్‌లో వైరస్ వచ్చి...”

“నాన్నా.”

“వైరస్ వచ్చి, మొత్తం...”

“ఒక్క ఫోటో అండీ. నేను నవ్వుతున్నది. నాన్న ఆ నవ్వునే పట్టుకున్నారు. ‘మొహం అతికించారంటే ఒప్పుకుంటా, నవ్వు ఎక్కడి నుంచి తెచ్చి అతికిస్తారు? ఈ ఇంట్లో ఎప్పుడైనా ఇలా నవ్వావా నువ్వు?’ అంటున్నారు. నాకేమో ఎప్పుడు నవ్వానో గుర్తు రాలా. నిజంగానే నవ్వానేమో, ఎక్కడ నవ్వానో అని నామీద నాకే అనుమానమొచ్చిందండీ. ఇవాళ పొద్దున బట్టలు ఆరేస్తుంటే తట్టింది. మీరు సంబంధం ఎక్కడిదమ్మా అని అడిగారు. గుడివాడ అన్నా. ‘గడ్డం దించమ్మా, అంత పైకి చూసినా ఇక్కణ్ణుంచి గుడివాడ కనపడదు’ అన్నారు.”

“... అన్నా.”

“దానికి నవ్వానండీ.”

“వైరస్ రాలేదమ్మా.”

“ఏంటండీ?”

“వైరస్ కాదు. నేనే చెరిపించేశా. ఇప్పుడే. నువ్వు అడుగుతావని భయపడి. పెళ్ళి కుదిరిందని వాడు చెబితే నమ్మి, నిన్నొక మాట అడక్కుండా నీ ఫోటో తీసి వాడి పక్కన పెట్టింది కూడా నేనే. నిన్న ఫోన్లో రాంగ్ నంబరని పెట్టేసింది కూడా నేనే.”

“ఆ గొంతు మీదేనని తెలుసండీ.”

“తెలుసా?”

“తెలిసే ఇవాళ మళ్ళీ చేశా. మొత్తం పోయిందా అండీ? యశస్విని గారూ, మీరు కంప్యూటర్లే చదువుతున్నారంటగా, ఏ మూలైనా...”

“లేదండీ. ఏ మూలా మిగలకుండా చేసేదే వెతికి తెచ్చా. మీ సంగతి నాకు తెలీదండీ. ఆపబోయాను. అప్పటికే...”

“సరేనండీ. వెళ్తాను.”

“ఆగమ్మా. నేనొస్తా. మీ నాన్నగారితో నేనే చెప్తా, ఈ పని నాదేనని.”

“నమ్మరండీ. మిమ్మల్ని బతిమాలి తెచ్చుకున్నానంటారు. ఆయనకి కళ్ళతో చూస్తేనే నిజం. ‘మనుషులు అబద్ధమాడతారు, ఫోటో ఎందుకాడుతుంది’ అంటారు. ఆయన చేతిలో ఫోటో ఉంది. నా దగ్గర ఏముంది?”

“కళ్ళతో చూస్తే నమ్ముతారా?”

“చూడ్డానికి ఇంకేం మిగిలిందండీ?”

“యశూ, ఇది మళ్ళీ లేవాలంటే ఎంతసేపు పట్టుద్ది?”

“విండోస్ ఎక్కించాలి, ఫోటోషాప్ ఎక్కించాలి. సాయంత్రమవుద్ది. ఎందుకు? దేవదానానికి...”

“దేవదానం లేడు, ఎవడూ లేడు. ఎక్కించు. ఎక్కించాక దీన్నీ, స్కానర్నీ అట్టపెట్టెల్లో సర్దు, వాళ్ళింటికి నేను ఆటో మాట్లాడతా. షీబా, మీ ఇంట్లో నాన్నగారి ఫోటో ఏదైనా ఉందా?”

“చర్చి వార్షికోత్సవంలో తీసింది ఉందండీ. ఆయనదెందుకు?”

“ఆయన నన్నెప్పుడైనా చూశారా?”

“లేదండీ. ఫోటో దిగడానికి అత్తయ్య కదా నాతో వచ్చింది.”

“మంగినపూడి బీచికి వెళ్తుంటారా?”

“అంత దగ్గర్లో ఉండి కూడా ఆ ఒడ్డున ఒక్కసారి కాలు పెట్టలేదండీ ఆయన. ఇంతకీ ఏం చేస్తారు?”

“ఇవాళ నేనూ ఆయనా ఆ ఒడ్డునే, భుజాల మీద చేతులేసుకుని నిలబడతామమ్మా, ఆయన తన ఇంట్లో తన కుర్చీలో కూర్చుని చూస్తుండగానే.”