బొమ్మలోని నీడ

ఒమాన్‌లోని దొఫార్ కొండల్లో, నీటిగుంటకు ఎదురుగా రాళ్ళు పేర్చిన ఇరుకు మాటులో ఇద్దరు నక్కి ఉన్నారు: జంతువుల బొమ్మలు గీసే మస్కట్ అమ్మాయి, ఆమెకు దారి చూపే కొండ మనిషి. కింద ఒక చిరుత, రెండు పిల్లలతో నీళ్ళు తాగుతోంది.

“ఆ దుమ్ము మా అన్న ముసల్లం బండిదే. వాడికి ఈ చోటు ఎవరు చెప్పారు తల్లీ?”

“నేను చెప్పలేదు బాబాయ్! కాఫీకి పిలిస్తే నా చిరుత బొమ్మ చూపించానంతే.”

“తన మేకల్ని చంపిందని ఈ చిరుత మీద పగతో తుపాకీ దగ్గరే పెట్టుకుని పడుకుంటున్నాడు. వాడికా చూపించేది!”

“చోటు పేరు రాయలేదుగా.”

“వెనక కొండ గీశావా?”

“గీశాను. ఉన్నదున్నట్టు.”

“ఇంక పేరెందుకు? ఆ కొండ అంచు మాకు అమ్మ ముక్కంత తెలుసు. పోనీలే, వేళ తెలీదుగా.”

“ఆయన బొమ్మలో కొండ నీడ మీద వేలు పెట్టి, బాగా కుదిరిందన్నాడు.”

“నీడ కూడానా! పొద్దు వాలాక చేసే అసర్ నమాజుకి మేం గడియారం చూస్తామనుకున్నావా? కొండ నీడే చూస్తాం.”

“గట్టిగా అరుద్దాం బాబాయ్. పారిపోతాయి.”

“బెదిరితే మళ్ళీ ఈ గుంటకి రావు. వానలదాకా ఇంకెక్కడా చుక్క నీరు లేదు. ఆ పిల్లలు బతకవు.”

“బండి చప్పుడు ఆగింది.”

“నడిచొస్తున్నాడన్నమాట. నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూడు.”

“బొమ్మలో ఉన్నచోటికే.”