ఐదుగురి గట్క

1949. చివ్వెంల పల్లె. బీఏ అయ్యాక బొంబాయిలో సంఘసేవ పట్టా కోసం చదువుతున్న అమ్మాయి, మొన్న సర్వే చేసిన ఇంటికే మళ్లీ వచ్చింది. అవ్వ పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"అవ్వా, నా నోటుబుక్కు మిలిటరీ క్యాంపోళ్లు తీస్కపోయిండ్రు."

"ఇంకోటి రాసుకో బిడ్డా."

"అది ఇయ్యకుంటే నాకు పట్టా రాదు."

"అండ్ల ఏం రాసినవ్?"

"ఏ ఇంట్ల ఎందరుంటరు, ఎందరికి వండుతరు. మా సార్లు గట్లనే రాయమన్నరు."

"మా ఇంటిది?"

"ఉండేది ఇద్దరు. జొన్నగట్క ఐదుగురికి."

"కడమ ముగ్గురెవరని నువ్వు అడగలే."

"నాకు తోచలేదవ్వా. క్యాంపు ఆఫీసరు అడిగిండు. మంచిగ రాసినవని మెచ్చుకుండు."

"నా కొడుకులు ముగ్గురు దళంల, అడవిల ఉన్నరు బిడ్డా."

అవ్వ పొయ్యిలోకి కట్టె ఎగదోసింది.

"ఎసరు మసులుతున్నది. ఎందరికి పొయ్యాల్నో నువ్వే చెప్పు."